వెనుదిరిగి మైపాడుకు

నెల్లూరులో మైపాడు గేటు దాటామంటే ఉప్పుగాలి ముక్కుకు తగలకపోయినా మనసుకు తగులుతుంది. అక్కణ్ణించి సముద్రం ఇరవై చిల్లర కిలోమీటర్లు. ఆ దారిన ఎన్నిమార్లు వెళ్లానో లెక్కలేదు గాని, బయలుదేరడానికే రెండు గంటలు పట్టిన ప్రయాణం మాత్రం ఒక్కటే.

బెంగుళూరు నించి మా మేనకోడలు ఎనిమిది నెలల పాపతో వచ్చింది. పాపతోపాటు రైల్లోంచి ఒక కుర్చీ కూడా దిగింది. కార్లో పసిపిల్లల్ని కూర్చోబెట్టే సీటట! మాది 2005లో కొన్న చిన్న కారు. కొత్త కార్లలో ఇలాంటి సీటు తగిలించడానికి ఐసోఫిక్స్ అనే ఇనుప కడ్డీలుంటాయి. మా కారుకు అవి లేవు, ఉన్నవల్లా సీటుబెల్టులే.

"ఏందబ్బయ్యా ఇది! అమ్మ ఒడి ఉండగా బిడ్డను కుర్చీకి కట్టేస్తారా?" అంది మా అమ్మ. నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ అదే ఉంది. మేనకోడలు ఒప్పుకుంటేనా! "సీటు బిగిస్తేనే ప్రయాణం మావయ్యా" అని భీష్మించింది.

వెనకసీటు నడుమ పెట్టబోయాను. అక్కడ నడుముకు కట్టే పట్టీ మాత్రమే ఉంది. భుజం మీదుగా కూడా వచ్చే బెల్టు తప్పనిసరి అని సీటుతో వచ్చిన పుస్తకంలో ఉంది. సరే, కుడి తలుపు పక్కకు మార్చి, పాప ముఖం రోడ్డు వైపు ఉండేలా పెట్టాను. మేనకోడలు నవ్వింది. "పాప వెనక్కి చూడాలి మావయ్యా!"

ఆ కిటుకు వింటే నాకు మన శ్రీహరికోటే గుర్తొచ్చింది. ఇదే తీరాన, కాస్త దక్షిణంగా, 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న చోటది. రాకెట్టులో వెళ్లే మనిషిని వెల్లకిలా కూర్చోబెడతారు. వేగం దెబ్బను వీపంతా పంచుకుంటుంది. ఆ వ్యోమగాముల ఆసనాల్ని చూసే, 1964లో స్వీడన్ ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టే సీటు తయారుచేశాడు. పసివాళ్లకు తల బరువు, మెడ లేత. ముందుకు చూస్తూ కూర్చుంటే కుదుపంతా ఆ మెడ మీదే పడుతుంది.

తిప్పి పెట్టాం. కుడిపక్క బెల్టు బకిల్ కాడ పొడుగై, బకిల్ సీటు అంచుకు అడ్డంగా వంగింది. అది పనికిరాదట. ఎడమపక్కకు మార్చాం. పాపను రోడ్డు అంచు వైపు దింపుకోవచ్చు గనక అదే మేలనిపించింది. ముందుసీటు జరిపేసరికి మా శ్రీమతి కాళ్లు ముడుచుకోవలసి వచ్చిందనుకోండి! పోనీ ముందుసీట్లో పెడదామంటే, గాలిసంచులున్న కార్లలో అది ప్రాణాంతకం.

నీలిగుర్తులున్న దారిలో బెల్టు దూర్చి, సీటును చేత్తో గట్టిగా అదిమి, వదులంతా లాగేశాను. బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే సీటు అంగుళానికి మించి కదలకూడదు. మూడోసారికి గాని కుదరలేదు. పాప పట్టీలు భుజాలకు సమంగానో, కాస్త కిందుగానో రావాలి. బిగించాక వేళ్లతో గిల్లితే పట్టీ మడత పడకూడదు. తల ముందుకు వాలకుండా సీటు వెనక్కి ఒరిగి ఉండాలి.

అప్పుడు కదిలాం. ఇందుకూరుపేట దారిలో పచ్చని మళ్లు, రొయ్యల గుంటలు, రోడ్డు సగం ఆక్రమించి ఎండుతున్న ధాన్యం. ఒక మలుపులో దూడ ఒకటి తోక ఎత్తుకుని అడ్డంగా దూకింది. బ్రేకు తొక్కాను. దూడ తప్పించుకుంది. వెనక మాత్రం పెద్ద చప్పుడు!

మా అమ్మ ఒళ్లో ఉన్న పులిహోర క్యారియరు ఎగిరి కిందపడింది. పాప ఉన్నచోటే ఉండి, బొమ్మను నములుతూ మమ్మల్ని వింతగా చూసింది.

మైపాడు చేరేదాకా అమ్మ మాట్లాడలేదు. ఇసకలో కూర్చున్నాక మెల్లగా అంది: "రెండు చేతుల్తో పట్టుకున్నా గదా అబ్బయ్యా."

లెక్క కట్టి చూశాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నో గుద్ది అర మీటరులో ఆగిపోతే, ఎనిమిది కిలోల పాప ఆ క్షణాన దాదాపు నూరు కిలోల బస్తాతో సమానం. ఏ తల్లి చేతులు ఆపగలవు? పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టుతోనో, ఇలాంటి సీటుతోనో భద్రపరచకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 నాటి చట్టసవరణ చెబుతోంది. ఆ వెయ్యి రూపాయల మాట అమ్మతో చెప్పవలసిన అవసరం కలగలేదు.

అలల చప్పుడుకు పాప కేరింతలు కొట్టింది. పొద్దు వాలుతుంటే లేచాం. కారెక్కేటప్పుడు మేనకోడలి కంటే ముందు అమ్మే వంగి, మునిమనవరాలి భుజం మీద పట్టీని రెండువేళ్లతో గిల్లి చూసింది.

"మడత పడలా. ఇంక పోనీయ్" అంది.