మా బడి రిజిస్టరు

పెళ్లికి ముందు చేసిన టీటీసీ సర్టిఫికెట్ ఇన్నేళ్లూ బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక పట్టుబట్టి టెట్ రాసి పాసయ్యాను. 2024లో డీఎస్సీ పడింది, మొత్తం 11,062 పోస్టులు. మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అప్లికేషన్ నింపుతూ, "అమ్మా, ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివావు? బోనఫైడ్ ఉందా?" అని అడిగింది.

లేదు. ఎందుకంటే ఆ బడే లేదు.

కొత్త జోనల్ విధానం వచ్చినప్పటి నుంచి ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే లోకల్. ఉద్యోగాల్లో నూటికి తొంభై అయిదు లోకల్ వాళ్లకే. నేను ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో కాపురం ఉంటున్నా ఇక్కడ లోకల్ కాను. పుట్టింటి వైపు చదివానని చూపించే కాగితం లేకపోతే అక్కడా కాను. ఆధార్, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఉన్నాయి, కానీ ఇప్పుడు అడిగేది చిన్నప్పుడు ఏ బల్ల మీద కూర్చున్నావని.

ఏప్రిల్ ఎండలో ఊరికి బయల్దేరాను. మా మండలం ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 తర్వాత సూర్యాపేట జిల్లా. మండల విద్యాధికారి ఆఫీసులో అడిగితే, మూతబడిన ప్రైవేటు బడుల రికార్డులు తమకు అప్పజెప్పాలనీ, మా బడివి మాత్రం చివరి ఏళ్లవే ఉన్నాయనీ చెప్పారు. "పాత రిజిస్టరు ఆ మేడం దగ్గరుంటే తీసుకురండి, చూసి ఇస్తాం" అన్నారు.

మా బడి అంటే ఒక పెంకుటిల్లు. మూడు గదులు, ముందు వసారా, వాకిట్లో చింతచెట్టు. సారు, మేడం భార్యాభర్తలు, పక్క పోర్షన్‌లోనే కాపురం. గంట బదులు రైలుపట్టా ముక్క వేలాడదీశారు. రెండో తరగతి, మూడో తరగతి ఒకే గదిలో వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్లం. వాళ్ల ఎక్కాలు మాకు, మా పద్యాలు వాళ్లకు వచ్చేశాయి. మేడం మాకు లెక్క ఇచ్చి, ఇంట్లోకి వెళ్లి పొయ్యి మీది పప్పు దించి, తిరిగొచ్చి తప్పులు దిద్దేది. సర్కారు బడిలో ఇంగ్లీషు పెద్ద తరగతుల్లోగానీ మొదలయ్యేది కాదు. మాకు ఒకటో తరగతి నుంచే ఏబీసీడీలు. అందుకే మా అమ్మ నాన్నతో పోట్లాడి మరీ నన్ను అక్కడ వేసింది.

పొద్దున ప్రతిజ్ఞ చెప్పించాక సారు తరచూ ఒక మాట అనేవారు. దేశమంతా పిల్లలు చెప్పే ఈ ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు అని. అప్పటి మా పుస్తకాల్లో ఆయన పేరు ఉండేది కాదు. ఆయన 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాశారని సారు చెబితేనే మాకు తెలిసింది.

ఇంకో సంగతి ఆడపిల్లలకే తెలుసు. బడిలో మరుగుదొడ్డి లేదు. ఆరో తరగతికి రాగానే మేడం పెద్ద ఆడపిల్లలందరినీ పిలిచి, "మా ఇంటి వెనక తలుపు తీసే ఉంటది, అడగకుండ పోండి" అని చెప్పింది. సర్కారు బడిలో నా ఈడు పిల్లలు ఇద్దరు పెద్దమనిషి కాగానే మానేశారు. మేం మానలేదు. ఆ తలుపు లేకపోతే నా ఏడో తరగతి కూడా ఉండేది కాదేమో.

సారు పోయి ఆరేళ్లయింది. మేడం అదే ఇంట్లో ఒక్కతే ఉంటోంది. బడి గదులు ఇప్పుడు ఎరువుల కొట్టు వాళ్లకు గోడౌన్. నన్ను చూసి పేరు పెట్టి పిలిచింది. అడగ్గానే ట్రంకుపెట్టె తీసి, పాత చీరలో చుట్టిన అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ అన్నీ సారు గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. 1990 జూన్‌లో చేరాను. 1997లో వెళ్లిపోయాను. నా గుండె కుదుటపడింది.

ఆ చీరలోనే ఫీజుల పుస్తకం కూడా ఉంది. ఊరికే తిరగేశాను. నా ఏడో తరగతి పేజీలో నెలకు నలభై రూపాయలు. జూన్ దగ్గర టిక్కు ఉంది. ఆ తర్వాత ఏప్రిల్ దాకా ఒక్క గడిలోనూ లేదు. పైన, కింద ఉన్న పేర్లూ చాలావరకు అంతే.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. "ఆ ఏడు పత్తి పోయింది బిడ్డా. సారు ఏనాడూ అడగలె. పరీక్షకు కూడ ఆపలె" అంది. కాసేపాగి, "తర్వాత తమ్మున్ని బస్సు బడికి పంపినం గదా" అంది.

అవును, పంపాం. మా ఊరికి పసుపు బస్సు వచ్చిన ఏడాది అందరూ పంపారు. ఆ బడి ఫీజు వాయిదా దాటితే పిల్లవాణ్ని బయట నిలబెట్టేవాళ్లు, అందుకని వడ్డీకి తెచ్చి మరీ కట్టాం. అక్కడ అప్పు చేసి కట్టాం, ఇక్కడ అప్పు పెట్టి వచ్చాం. మా బడి మూతపడిందని విన్నప్పుడు నేను "అయ్యో" అన్నాను. కార్పొరేట్ బడులు తినేశాయని అందరితోపాటు నేనూ అన్నాను. ఆ పుస్తకం చూశాక ఆ మాట అనడానికి నోరు రాలేదు. నా పిల్లల ఫీజుకు ప్రతి జూన్‌లో గాజులు బ్యాంకులో పెట్టేది నేనే కదా.

లోపలికి వెళ్లి అయిదు వేలు మేడం చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "నీ బాకీ ఎంత?" అని లెక్కల క్లాసులో అడిగినట్టే అడిగింది. పది నెలలు, నాలుగు వందలు అన్నాను. అయిదు వందల నోటు తీసుకుంది, పోపుల డబ్బాలోంచి వంద తీసి చిల్లర ఇచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పది గడుల్లో ఒక్కొక్క టిక్కు పెట్టి, పక్కన ఆ రోజు తేదీ వేసింది.

"లెక్క లెక్కే. మీ సారు ఉంటే సంతోషపడేటోడు" అంది.

మర్నాడు రిజిస్టరు చూసి ఆఫీసులో సర్టిఫికెట్ ఇచ్చారు. పరీక్ష రాశాను, ఉద్యోగం కొద్ది మార్కుల్లో తప్పిపోయింది. మళ్లీ రాస్తాను. మీ చిన్నప్పటి బడి ఇంకా నడుస్తుంటే ఆ కాగితం ఇప్పుడే తెచ్చుకోండి. మూతపడి ఉంటే ఆ టీచరమ్మ ఎక్కడుందో కనుక్కోండి. కాగితం కోసమే అయినా సరే, ఒకసారి వెళ్లి రండి.

ఆ వంద నోటు నా పర్సులో వేరే అరలో ఉంది. ఇంకా ఖర్చు పెట్టలేదు.