వాకిలి, పెరడు, పనిముట్లు

ఇల్లు కట్టుకొనువారు గోడలకును పైకప్పునకును చేసినంత యాలోచన వాకిలికిని పెరటికిని చేయరు. వంటయింటి పాత్రలకు లెక్క యుండును గాని, పెరటి పార యే మూల నున్నదో యింటి యజమానికి దెలియదు. మా మెట్‌పల్లి ప్రాంతమున నిది సామాన్యముగా కానవచ్చు విషయము. చదువుకొన్న గృహస్థుడు రెండు దినముల పనికై కూలివాని కొఱకు రెండు వారములు ఎదురుచూచుచుండును. ఈలోపల గడ్డి మోకాలిబంటి పెరుగును. వాననీరు మూలమూలల నిలుచును. పార కొనుటకు డబ్బు లేక యీ యిబ్బంది కలుగుట లేదు; దానిని చేత బట్టుటకు సిగ్గుపడుటచేత కలుగుచున్నది. కావున ముందుగా గృహస్థునకు కావలసిన పనిముట్లను గూర్చియు, పిదప నీ సిగ్గును గూర్చియు ముచ్చటింప దలచితిమి.

పనిముట్లు అనేకము అక్కఱలేదు. పార, గడ్డపార, కుర్పి, కొడవలి, చేరంపము, దోటి, చీపురు, తట్ట ఉన్న చాలును. మా యెఱ్ఱ చెల్కనేల వేసవిలో ఱాతివలె గట్టిపడును; అప్పుడు గడ్డపార పట్టినవాని చేతులు బొబ్బలెక్కును. తొలకరి వాన రెండుమార్లు కురిసిన పిమ్మట నదే నేల పారకు లొంగును. నిమ్మమొక్కకు 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంత చాలును. పైమట్టిని ఒకవైపునను, అడుగుమట్టిని వేఱొకవైపునను పోసి, సారముగల పైమట్టిని మాగిన పశువుల యెరువుతో గలిపి వేళ్లచుట్టు నింపవలెను.

కలుపుతీయుటకు కుర్పిని మించినది లేదు. కొడవలితో కోసిన కలుపు మరల చిగిర్చును. కుర్పితో పెకలించినది మరల లేవదు. వయ్యారిభామయను పిచ్చిమొక్క యిప్పుడు ప్రతి ఖాళీస్థలమును ఆక్రమించుచున్నది. దాని స్పర్శచేత కొందఱకు ఒడలు దద్దురులెక్కును. పుప్పొడి కొందఱకు ఆయాసము కలిగించును. పూవు పూయకమునుపే, నేల తడిగా నున్నప్పుడు, చేతులకు తొడుగు వేసికొని వేళ్లతో సహా దానిని తీసివేయవలెను. పూచి విత్తు రాలిన పిమ్మట తీసిన ప్రయాస వ్యర్థమే.

లావైన కొమ్మను కోయువారు పైనుండియే రంపము వేయుదురు. సగము తెగగానే కొమ్మ తన బరువుచేత విఱిగి, మ్రానుబెరడును చీల్చుకొని పడును. మొదట క్రిందిభాగమున కొంత కోసి, పిదప దానికి కొంచె మావల పైనుండి కోసినచో బెరడు చీలదు. మిగిలిన మోడును తరువాత తీసివేయవచ్చును. తెగులు పట్టిన కొమ్మను కోసిన రంపమును కడుగక మఱియొక చెట్టునకు తగిలింపరాదు.

చీపురును, తట్టయును తక్కువ వస్తువులని యెంచరాదు. 1897వ సంవత్సరమున రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికిందరాబాదులోనే. డెంగ్యూ జ్వరమును మోయు దోమ కొబ్బరిచిప్పలో, పగిలిన కుండలో, పాత టైరులో నిలిచిన కొద్దిపాటి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగా మాఱుటకు సుమారు వారము పట్టును గనుక, వారమున కొకసారి ఆ నీటిని పాఱబోసిన యింటివారు మందులు చల్లువారి రాకకై కాచియుండ నక్కఱలేదు.

ఇక పనిముట్లను చేయువారి మాట. మెట్‌పల్లికి పడమట, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. అచటి కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును కరగించి చేసిన ఉక్కు పారసీక దేశమునకు పోయి కత్తులైనది. హెన్రీ వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు దానిని స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము 1832వ సంవత్సరమున బంగాళపు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. 24 గంటలు తిత్తులు ఆపక ఊదుదురని ఆయన వ్రాసెను. అంతటి నేర్పునకు నెలవైన సీమలో నేడు మనము పలుచని రేకుపారను కొని, ఒక వానకాలమునకే పారవేయుచున్నాము. కొలిమిలో కాల్చి సాగగొట్టిన పార తఱచుగా ఎక్కువకాలము మన్నును. అరిగిన అంచును మరల కొట్టించుకొన వచ్చును. కమ్మరికి పని యిచ్చుట దానము కాదు. మన సొమ్మును మనము నిలుపుకొనుటయే.

కొన్నదానిని కాపాడుటయు నేర్వవలెను. పని ముగిసినంతనే మన్ను గీకి, గుడ్డతో తుడిచి, అంచునకు కొంచెము నూనె పూసి గోడకు తగిలించినచో త్రుప్పు పట్టదు. వదులైన కామను వెంటనే బిగింపవలెను. ఊడి యెగిరిన గొడ్డలి ప్రాణము తీయగలదు.

ఇక సిగ్గు మాట. ఈ సిగ్గునకు కులమే మూలము. ఊడ్చువారొకరు, త్రవ్వువారొకరు, కూర్చుండి చూచువారొకరు అని మన పెద్దలు పంచి పెట్టిరి. ఇంటిలో ఆ భారమంతయు స్త్రీలమీద పడినది. తెల్లవాఱకమునుపే లేచి వాకిలి ఊడ్చి సాంపి చల్లునది యిల్లాలు; ముగ్గు బాగున్నదని మెచ్చునది మగవాడు. 1901లో కలకత్తా కాంగ్రెస్ మహాసభకు వచ్చిన గాంధిగారు ప్రతినిధుల విడిదిలోని మరుగుదొడ్ల రోత చూచి, ఇతరులు అది పాకీవారి పని యనగా, తామే చీపురు పట్టి శుభ్రపఱచిరి. ఖాదీకి పేరుపడిన మా యూరివారికి ఆయన రాట్నము తెలియును. ఆయన చీపురును కూడ తెలిసికొనవలెను గదా!

కూలి జనులకు పని పోవునని కొందఱు ఆక్షేపింతురు. ఒక్కరితో కాని పనికి మనుష్యులను పిలిచి తగిన కూలి నిచ్చుట న్యాయమే. కాని పార పట్టి యెఱిగినవాడే యెదుటివాని శ్రమకు వెల కట్టగలడు. జేష్ఠపుటెండలో ఒక్క గుంత త్రవ్విన గృహస్థుడు కూలివానితో బేరమాడునప్పుడు నాలుక కొంత వెనుకకు తీయును.

చదువరులారా! రాబోవు ఆదివారమున మీ కొడుకు చేతికి చీపురును, మీ కూతు చేతికి కుర్పిని ఇచ్చి, మీరు పార పట్టుడు. మీ యిల్లాలిని ఆ యుదయమున ఒక గంట ఊరక కూర్చుండనిండు. సంస్కరణమును గూర్చి సభలో పలుకువానికి తన వాకిలియే మొదటి సాక్షి.