బోగోలులో బేస్‌బాల్ పద్దు

నెల్లూరు నుంచి కావలి వెళ్లే రైలెక్కి బిట్రగుంటలో దిగితే బోగోలు వచ్చినట్టే. రైలు ప్రయాణాలు చేసిన పాతతరం వాళ్లకు బోగోలు కంటే బిట్రగుంట పేరే ఎక్కువ తెలుసు. బొగ్గు ఇంజన్ల రోజుల్లో ఇక్కడి లోకో షెడ్డు చాలా పెద్దది. దాన్ని నమ్ముకుని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, రైల్వే క్వార్టర్లు, ఆటలు, ఒక చిన్న పట్నమంత సందడి ఉండేవి. ఒకవైపు కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామి గుడి, తూర్పున జువ్వలదిన్నె సముద్రం. ఈసారి నన్ను రమ్మన్నది మాత్రం ఒక పీఈటీ మాస్టారు. ఆయన దగ్గర సాఫ్ట్‌బాల్ నేర్చుకునే పిల్లలున్నారు. దాని పెద్దన్న లాంటి బేస్‌బాల్ గురించి, దాని గొప్ప ఆటగాళ్ల గురించి వాళ్లకు చెప్పాలి.

గడ్డి లేని మైదానం. ఇసుక కలిసిన నేల మీద సున్నంతో నలుపలకల గీత గీశారు. బేస్‌లకు కొన్న దిండ్లు లేవు, సిమెంటు సంచుల ముక్కల్లో ఇసుక పోసి కుట్టుకున్నారు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. బేస్‌బాల్‌లో అయితే 90. గ్లవ్స్ అందరికీ సరిపడా లేవు. ఒక జట్టు ఫీల్డింగ్ ముగించుకుని లోపలికి వస్తూ గ్లవ్స్ విప్పి ఎదుటి జట్టు చేతుల్లో పెడుతుంది. వాళ్లు అవి తొడుక్కుని పరుగెడతారు. అంతవరకూ పోట్లాడుకుంటున్న పిల్లలు ఆ ఒక్క నిమిషం ఒకే ఇంటి పిల్లలైపోతారు. ఆ పూట నేను చూసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

చెట్టుకింద ఒక అమ్మాయి పొడుగు నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని స్కోరు రాస్తోంది. వంగి చూశాను. ఏ జట్టుకు ఎన్ని పరుగులన్నదే ఉంది. ఎవరు కొట్టారు, ఎవరు అవుటయ్యారు, ఎవరు వేస్తే అయ్యారు, ఏమీ లేదు. మాస్టారు అన్నారు: "ఎవురు గెలిచారో తెలిస్తే చాలనుకుంటాం సార్. ఆ కాయితం కూడా ఆనక యాడ పోద్దో."

పిల్లలకు చెబుదామని నేను ఆలోచించుకున్న వరస అక్కడే మారిపోయింది. బేబ్ రూత్‌తో మొదలెడదామనుకున్నవాణ్ని హెన్రీ చాడ్విక్‌తో మొదలెట్టాను. ఆయన బ్యాటు పట్టి పేరు తెచ్చుకున్నవాడు కాదు. 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. బేస్‌బాల్ చూసి మనసు పడ్డాడు. క్రికెట్ స్కోరుకార్డు ఎరిగిన మనిషి కనుక ఈ ఆటకూ అలాంటి పద్దు ఉండాలనుకున్నాడు. ఒక్కో ఆటగాడి పేరుకెదురుగా అతను కొట్టినవి, తీసిన పరుగులు, పట్టినవి, జారవిడిచినవి చూపే పట్టిక 1850ల చివర్లో తయారుచేశాడు. స్ట్రైకవుట్‌కు, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడానికి, 'కె' అని గుర్తు పెట్టిందీ ఆయనే. బేస్‌బాల్ రికార్డుల గురించి ఈరోజు మనం ఏం మాట్లాడుకున్నా ఆ పట్టిక పెట్టిన భిక్షే.

ఆ పద్దు ఉంది కాబట్టే 1927లో బేబ్ రూత్ 60 హోమ్‌రన్‌లు (మన క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టాడని తెలుసు. 1941లో జో డిమాజియో వరసగా 56 మ్యాచుల్లో కనీసం ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) అయినా కొట్టాడనీ తెలుసు. ఆ 56ను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. రూత్ మొత్తం హోమ్‌రన్‌ల లెక్క 714. దాన్ని హ్యాంక్ ఆరన్ 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో దాటాడు. నల్లవాడు రూత్‌ను దాటడమేమిటని చంపుతామంటూ ఉత్తరాలు వస్తున్నా, ప్రతిరోజూ మైదానంలోకి దిగి మరీ దాటాడు. ఈ మాట చెప్పగానే పిల్లల గుసగుసలు ఆగిపోయాయి.

"మనోళ్లెవురన్నా ఆడారా సార్?" అని ఒక అబ్బాయి.

ఆడాడు. కుమార్ రాకర్. అతని అమ్మ పేరు లలిత. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. నాన్న ట్రేసీ రాకర్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, తర్వాత కోచ్. కుమార్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదిలోనే, 2019 జూన్ 8న, డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచంతా తనే వేసి ముగించాడు. 27 అవుట్లలో 19 స్ట్రైకవుట్లు. కాలేజీ ఛాంపియన్‌షిప్‌లో ఆ మ్యాచ్ జరిగిన దశలో అంతకుముందు ఇలా ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట, నో-హిట్టర్, లేదు. ఆ ఏడాది ఛాంపియన్లు వాళ్ల జట్టే, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే.

ఆ తర్వాతి కథే నాకు ముఖ్యమనిపిస్తుంది. 2021లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని పదో స్థానంలో ఎంచుకుంది. వైద్య పరీక్షలయ్యాక ఒప్పందం చేసుకోలేదు. అతని భుజానికి ఆపరేషన్ జరిగింది. పెద్ద లీగులతో సంబంధం లేని ఒక చిన్న జట్టులో చేరి ఆడాడు. 2022లో టెక్సాస్ రేంజర్స్ అతన్ని మూడో స్థానంలో తీసుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటిసారి మేజర్ లీగ్ మైదానంలో బంతి అందుకుని, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు.

"చెయ్యి కోసినా మళ్లీ అట్టానే ఏశాడా సార్?" జట్టులో బంతి వేసే అమ్మాయి అడిగింది. అడుగుతూ తన మోచెయ్యి తడుముకుంది. ఆ ఆపరేషన్‌కు ఒక ఆటగాడి పేరే ఉందని చెప్పాను, టామీ జాన్. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని మోచేతిలో తెగిన లిగమెంటు స్థానంలో ఇంకోచోటి నుంచి తీసిన స్నాయువు పెట్టి కుట్టాడు. అంతకుముందు ఆ దెబ్బ తగిలితే పిచ్చర్ ఆట ముగిసినట్టే. టామీ జాన్ మాత్రం కోలుకుని వచ్చాక ఇంకా 164 మ్యాచులు గెలిచాడు. నొప్పి ఉంటే దాచకుండా చెప్పమని మాస్టారు ఆ అమ్మాయిని అందరి ముందూ గట్టిగా హెచ్చరించారు. ఆ హెచ్చరిక నాకు సంతోషం కలిగించింది. మన ఊళ్లలో పిల్లలు జట్టులో చోటు పోతుందని నొప్పి మింగేస్తారు.

విపత్తు అంటే ఏమిటో తుపాన్లు చూసిన ఈ తీరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే రాబర్టో క్లెమెంటే గురించి ఇక్కడ తప్పక చెప్పాలనిపించింది. ప్యూర్టోరికో మనిషి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు. 1972 సెప్టెంబర్ 30న తన 3000వ హిట్ కొట్టాడు. ఆ డిసెంబర్‌లో నికరాగువా రాజధాని మనాగ్వాను భూకంపం నేలమట్టం చేసింది. పంపిన సహాయం జనానికి అందడం లేదని తెలిసి, తనే విమానంలో సరుకులతో బయల్దేరాడు. డిసెంబర్ 31 రాత్రి ఆ విమానం సముద్రంలో కూలిపోయింది. అతని లెక్క సరిగ్గా 3000 దగ్గర నిలిచిపోయింది. ఆడటం మానిన ఐదేళ్లకు గానీ ఎవరినీ తీసుకోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, ఆ నియమాన్ని పక్కనపెట్టి 1973లోనే అతన్ని చేర్చుకుంది. సముద్రంలో చేపల వేటకు పోయి తిరిగిరాని వాళ్లున్న ఊళ్ల పిల్లలు వీళ్లు. ఎక్కువ వివరించలేదు, వాళ్లూ అడగలేదు.

చివరికి మళ్లీ నోటుబుక్కు దగ్గరికే వచ్చాం. జాష్ గిబ్సన్ పేరు చెప్పాను. నల్లవాళ్లను మేజర్ లీగుల్లోకి రానివ్వని కాలంలో నీగ్రో లీగుల్లో ఆడిన క్యాచర్. 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ తరఫున దిగి ఆ గోడ కూల్చాడు. గిబ్సన్ సుమారు 800 హోమ్‌రన్‌లు కొట్టాడని హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద ఉంది. అధికారిక లెక్కలో రెండువందలు కూడా లేవు. ఊరూరా తిరిగి ఆడిన మ్యాచుల పద్దులన్నీ లీగు లెక్కలోకి రావు, చాలావాటికి పద్దే దొరకదు. పరిశోధకులు ఏళ్ల తరబడి పాత నల్లజాతి పత్రికలు తిరగేసి, దొరికిన ప్రతి స్కోరుపట్టికనూ కూడారు. 2024 మేలో ఆ లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో చేరాయి. వెంటనే కెరీర్ బ్యాటింగ్ సగటులో అప్పటిదాకా ముందున్న టై కాబ్ .367ను దాటి గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు. చనిపోయిన 77 ఏళ్లకు.

స్కోరు రాసే అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. "పేపర్లో కూడా పడకపోతే ఎట్టా సార్?" అంది.

మనవైపు సంగతే తీసుకోమన్నాను. సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద 153 కొట్టాడని, అందులో 11 సిక్సర్లున్నాయని నూరేళ్ల తర్వాతా చెప్పుకుంటున్నామంటే, ఆ పక్కన కూర్చుని ఒకరు రాశారు కనుక. ఇక్కడ రాయాల్సిన మనిషి నువ్వే. మాస్టారు ఒక కొత్త పేజీ తిప్పించారు. ఇద్దరం కలిసి గడులు గీయించాం: పేరు, స్థానం, కొట్టినవి, పరుగులు, అవుటైన తీరు.

మొదటి గడిలోనే చిక్కొచ్చింది. నీగ్రో లీగుల పాత పట్టికల్లో ఎక్కువగా ఇంటిపేర్లు మాత్రమే ఉండేవి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరిలో కొట్టిందెవరో తేల్చలేక పరిశోధకులు తలలు పట్టుకున్నారు. బోగోలు పుస్తకంలో అసలు పేర్లే లేవు, రాయబోతే ఒకే జట్టులో వెంకటేశ్వర్లు ముగ్గురు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని బేస్‌ల దగ్గరికి నడిచి, ఒక్కొక్కరినీ ఇంటిపేరు, ఊరు అడిగి రాసుకోవడం మొదలెట్టింది. పేజీ పైన తారీకు, ఏ జట్టుకూ ఏ జట్టుకూ ఆట, ఎన్ని ఇన్నింగ్స్ అన్నవి మాస్టారు చెబుతున్నారు. స్కోరు రాసినవాళ్ల పేరు కూడా కింద ఉండాలని నేను పట్టుబట్టాను. ముందు సిగ్గుపడింది, తర్వాత ఇంటిపేరుతో సహా రాసింది.