కో... కీ! కప్పల కొండ

మన ఊళ్ళలో తొలకరి వాన కురిసిన రాత్రి కప్పలు చెరువు గట్టున చేరి బెకబెకమంటాయి. కాని అన్ని దేశాల కప్పలూ ఒకే మాదిరిగా అరవవు. తన అరుపునే పేరుగా పెట్టించుకున్న కప్ప ఒకటి ఉన్నది. దాన్ని చూడాలంటే పోర్టోరికో ద్వీపానికి వెళ్ళాలి.

పోర్టోరికోకు ఉత్తరాన అట్లాంటిక్ మహాసముద్రం, దక్షిణాన కరీబియన్ సముద్రం. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాల ఏలుబడిలో ఉన్నప్పటికీ ఇక్కడివాళ్ళు ఎక్కువగా మాట్లాడేది స్పానిష్ భాష. ద్వీపానికి తూర్పువైపున ఎల్ యుంకే అనే కొండ అడివి ఉన్నది. ఏడాది పొడుగునా వానలు పడటం చేత అక్కడ చెట్ల మొదళ్ళ నిండా నాచే.

పొద్దు గూకీ గూకకముందే ఈ అడివిలో "కో-కీ, కో-కీ" అని కచేరీ మొదలవుతుంది. అది తెల్లవారేదాకా సాగుతుంది. పాడేది ఏదో పెద్ద పక్షి అనుకుంటాం. తీరా చూస్తే మూడు నాలుగు సెంటీమీటర్ల గోధుమరంగు కప్ప! దాని పేరు కూడా కోకీయే.

ఈ కప్పకు చెరువుతో పని లేదు. ఆడకప్ప ఎండి ముడుచుకున్న ఆకుల్లో గుడ్లు పెడుతుంది. మగకప్ప వాటికి కాపలా కాస్తుంది. తోకకప్పలు కాకుండానే, గుడ్లలోనుంచి ఏకంగా చిట్టి కప్పలు బయటికి వస్తాయి.

పాడేది మగకప్ప. అది గొంతు కింది సంచిని బుడగలాగా ఉబ్బించి అరుస్తుంది. మరి రెండు అక్షరాలు ఎందుకు? పీటర్ నారిన్స్, రాబర్ట్ కాప్రానికా అనే శాస్త్రజ్ఞులు 1976లో ఈ రహస్యం వెల్లడించారు. "కో" అనేది సాటి మగకప్పలకు హెచ్చరిక: "ఇది నా చోటు, దగ్గిరికి రావద్దు!" "కీ" అనేది ఆడకప్పకు పిలుపు. ఇంకా వింత ఏమిటంటే, మగకప్ప చెవికి "కో" స్పష్టంగా వినిపిస్తుంది. ఆడకప్ప చెవి "కీ"ని బాగా పట్టుకుంటుంది. ఒకే అరుపులో రెండు కబుర్లు, ఎవరి కబురు వారికి!

ఈ కొండమీదికి ఒక రోడ్డు ఉన్నది. దాని వెంట పైకి పోయినకొద్దీ పాట మారుతుంది. కింద, వెచ్చని చోట కప్పలు చిన్నవి. వాటి గొంతు సన్నం, అరుపు పొట్టి. పైన, చల్లని చోట కప్పలు పెద్దవి. వాటి గొంతు బొంగురు, అరుపు పొడుగు.

నారిన్స్ ఈ రోడ్డు వెంట కప్పల అరుపులు రికార్డు చేశాడు. ఇరవైమూడేళ్ళ తరవాత మళ్ళీ వచ్చి అవే చోట్ల రికార్డు చేశారు. ఈ మధ్యకాలంలో కొండ కొంచెం వేడెక్కింది. ప్రతి చోటా కప్పల గొంతు మునుపటికన్న సన్నబడింది. వెనక కింద వినిపించిన పాట ఇప్పుడు పైన వినిపిస్తున్నదన్నమాట! ఈ సంగతి 2014లో ప్రకటించారు.

గొంతు మారితే ఏం? అని మీరు అడగవచ్చు. పిలిచే గొంతుకూ వినే చెవికీ పొత్తు కుదరాలి. గొంతు ఒక దారిన, చెవి ఒక దారిన పోతే పిలుపు వినేవారుండరు. పిలుపు అందకపోతే పిల్లలు లేవు.

ఇదే ద్వీపంలో కయే కొండల్లో బంగారు రంగు కోకీ కప్పలుండేవి. అవి గుడ్లు పెట్టక, పిల్లలనే కనేవి. 1981 తరవాత వాటిని ఎవరూ చూడలేదు, వాటి పాట ఎవరూ వినలేదు. ఎల్ యుంకేలో మాత్రం చీకటి పడగానే వేలాది గొంతులు ఈనాటికీ "కో-కీ" అంటూనే ఉన్నాయి.

ఈసారి వాన కురిసిన రాత్రి మీ ఊరి కప్పల అరుపు కూడా శ్రద్ధగా వినండి. అందులోనూ ఎవరో ఎవరికో పంపే కబురు ఉన్నది.