ఫస్టు ర్యాంకుకీ సెకండు ర్యాంకుకీ మధ్య

ఓ కుర్రకారు ప్రేమకథ చెప్పుకుందాం. నెత్తిన పండువెంట్రుకలు వచ్చినవాళ్ళు చదవకూడదని అట్ట మీద రాసిలేదు కాబట్టి నేనూ చదివేశాను. రేచెల్ లిన్ సాలమన్ రాసిన 'టుడే టునైట్ టుమారో', 2020లో వచ్చిన నవల. సియాటిల్ నగరంలో, హైస్కూలు ఆఖరి రోజు పొద్దున మొదలై మర్నాటికల్లా అయిపోతుంది కథ.

రోవన్ రాత్ అనే అమ్మాయి, నీల్ మెక్‌నైర్ అనే అబ్బాయి. నాలుగేళ్ళుగా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. గట్టు తగాదా కాదు, పాత పగ కాదు, మార్కులు! పేపర్లు పంచగానే పక్కవాడికెన్నో చూశాకే తన మార్కులు చూసుకునే బాపతు ఇద్దరూ. మనకి విడమరిచి చెప్పాలా ఈ రోగం సంగతి? రోవన్ పద్నాలుగో ఏట, హైస్కూల్లో ఏమేం సాధించాలో ఓ పట్టీ రాసుకుంది. నీల్ పరిచయమయ్యాక దానికి ఇంకోటి తగిలించింది: వాణ్ణి మట్టికరిపించాలి. తీరా చూస్తే ఆఖరి రోజున స్కూలు ఫస్టు వాడికే.

ఇక వాణ్ణి ఓడించడానికి మిగిలింది ఆ రోజు మొదలయ్యే ఆటొక్కటే. పెద్ద క్లాసు పిల్లలంతా క్లూలు విప్పుకుంటూ ఊరంతా తిరగాలి. చేతికి కట్టుకున్న పట్టీ ఎవరైనా లాగేస్తే ఔట్. గెలిస్తే 5,000 డాలర్లు. ఈ ఇద్దరు బుద్ధిమంతుల్నీ ముందు సాగనంపాలని కొందరు కూడబలుక్కుంటుంటే రోవన్ చెవిన పడుతుంది. దాంతో శత్రువుతోనే పొత్తు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆట కాదు, భోజనం. శుక్రవారం సాయంత్రం రోవన్ ఇంట్లో యూదుల సబ్బాతు విందు. అమ్మా నాన్నా ఇద్దరూ పిల్లల పుస్తకాలు రాస్తారు. ఆ పుస్తకాలంటే నీల్‌కి ప్రాణం! ఇన్నాళ్ళూ పళ్ళు నూరిన శత్రువు తన ఇంట్లో, తన అమ్మానాన్నల ముందు అభిమానిగా కూచుంటే ఆ పిల్ల అవస్థ చూడాలి. అసలు వీళ్ళకి ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసనీ? నీల్ తండ్రి జైల్లో ఉన్నాడు. రోవనేమో ప్రేమ నవలలు రాయాలన్న కోరిక లోపలే దాచుకుంది. క్లాసు పుస్తకం మధ్యలో యద్దనపూడి నవల పెట్టుకుని చదివిన తరానికి ఆ దాపరికం కొత్తేమీ కాదు.

ఒక్క రాత్రిలో పగ పోయి ప్రేమ వచ్చేస్తుందా అంటారేమో. నా మట్టుకు నాకు ఇక్కడ పగే తక్కువ. 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్'లో గిల్బర్టు అనే కుర్రాడు ఆన్ అనే అమ్మాయి ఎర్ర జుట్టుని క్యారెట్టని వెక్కిరిస్తే, ఆ పిల్ల పలక ఎత్తి వాడి నెత్తిన పగలగొడుతుంది. అదీ పగంటే! 1908లో వచ్చిన ఆ నవల ఆఖరికి గానీ రాజీ కుదరదు, ప్రేమకి 1915 నాటి మూడో పుస్తకం దాకా ఆగాలి. సాలమన్ పిల్లలు అలా తలలు పగలగొట్టుకునే రకం కాదు. నాలుగేళ్ళూ ఒకరి ప్రతి జవాబునీ ఒకరు శ్రద్ధగా చదివారు, అంతే. పక్కన కూచునే స్నేహితులు కూడా అంత పట్టించుకోలేదు. అందుకే ఫలితాలు చెప్పేశాక రోవన్‌కి ఓటమి కన్నా పెద్ద బెంగ పట్టుకుంటుంది: రేపటినుంచి ఎవరితో పోట్లాడాలి? ఆ బెంగ రాయడంలో రచయిత్రి చెయ్యి గట్టిది. నడుమ ఆట కాస్త సాగిందనిపించినా నేను పుస్తకం మూయంది దానివల్లే.

అన్నట్టు, 2024లో దీనికి రెండో భాగం వచ్చింది, 'పాస్ట్ ప్రెజెంట్ ఫ్యూచర్'. ఆ అమ్మాయి బోస్టన్‌లో, అబ్బాయి న్యూయార్క్‌లో. కాలేజీలు వేరు, పరీక్షలు వేరు. మార్కులు పోల్చుకుని దెబ్బలాడుకునే వీలు కూడా లేదు పాపం!