బేత్లెహేము పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో నొక బాలుడు తోటివాని జామెట్రీ పెట్టెను దొంగిలించెను. మేము వానిని ప్రార్థనసమయమున పాఠశాల యంతటి యెదుట నిలువబెట్టి తప్పొప్పించితిమి. బెత్తము పట్టలేదు గనుక దయగలవారమే యని మా తలంపు. 2009 నాటి విద్యాహక్కు చట్టము దేహదండనమునే గాక మానసిక హింసను గూడ నిషేధించినదని చదివియు మరచితిమి. బాలుడు మరునాటినుండి బడికి రాలేదు. వారము గడచిన పిదప పెట్టె పోగొట్టుకొన్నవాడు మాయొద్దకు వచ్చి, “మాష్టారూ, వాడు నా స్నేహితుడండీ. నన్నొక్క మాటైనా అడగలేదు గదా” అనెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ సాయంకాలమే బాలుని యింటికి పోతిమి. తలుపునకు తాళము వేసియుండెను. కుటుంబము పనికై వలసపోయెనని పొరుగువారు చెప్పిరి.

శిక్షణ కళాశాలలో మేము పాఠపథకము వ్రాయుటయు, నల్లబల్ల నుపయోగించుటయు నేర్చితిమి. చెడిన స్నేహమును మరల నిలుపుట నేర్వలేదు. ఈ విద్యనే ఉపాధ్యాయులకు స్నాతకోత్తర స్థాయిలో బోధించువారు కలరని పిమ్మట తెలిసికొంటిమి. 1741లో మొరేవియను క్రైస్తవులు అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థాపించిన బేత్లెహేము పట్టణమున అందుకొరకే యొక విద్యాసంస్థ కలదు. ఈ మార్గమునకు మూలములలో నొకటి కెనడాలోని ఎల్మైరా యను నూరిలో 1974లో జరిగినది. ఇద్దరు యువకులు ఒక్క రాత్రి 22 మంది ఆస్తులను పాడుచేయగా, న్యాయాధిపతి వారిని నష్టపడినవారి యిండ్లకు పంపెను. వారు ముఖాముఖి నిలిచి తప్పొప్పుకొని, పరిహారము చెల్లించిరి.

మేమా పట్టము పొందినవారము కాము. పుస్తకములవలన నేర్చినది కొంచెమే. ఏమి జరిగినది? ఎవరికి నొప్పి కలిగినది? దానిని సరిచేయుట కేమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను, అందరిని వలయముగా కూర్చుండబెట్టి, ఒకరి తరువాత నొకరి నడుగుదుము. గత సంవత్సరము తోటివాని నోటుపుస్తకమును చించిన బాలుడు ఈ విధముగా తానే యడిగి, మూడు సాయంకాలములు కూర్చుండి దానిని తిరిగి వ్రాసి యిచ్చెను. లెక్కలపాఠ మొకటి వెనుకబడెను. అందులకు మేము చింతింపలేదు.

ప్రభువు జక్కయ్యను జనసమూహము నెదుట సిగ్గుపరచక వాని యింటికే వెళ్లెను. అతడు తానుగా నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. తలిదండ్రులారా, మేమును ముందుగా ఆ యింటికి వెళ్లియుండవలసినది. తాళము వేసిన ఆ తలుపు మాకు నేటికిని కనబడుచున్నది.