టిక్‌మని ఆగిన సెల్ఫ్

13 మే 2024, సోమవారం

అమ్మ ఓటు ఇంకా మా ఊళ్లోనే ఉంది. పొద్దున్నే బయల్దేరి తీసుకెళ్లాను. పెద్దవాళ్లను ముందు పంపించారు కాబట్టి పావుగంటలో పనైపోయింది. తిరిగొచ్చి కారు తాళం తిప్పితే బోనెట్ లోపల సన్నగా ఒక టిక్. అంతే, సెల్ఫ్ తిరగలేదు. నాలుగైదుసార్లు చూశాను. చివరికి బూత్ బయట ఉన్న కుర్రాళ్లు తోశారు. రెండో గేరులో పెట్టి క్లచ్ వదిలానో లేదో ఇంజను అందుకుంది.

"మీ నాన్న ఉండగా ఇట్లా ఒక్కసారీ ఆగలేదురా" అంది అమ్మ.

1997లో నాన్న కొన్న మారుతి 800. కార్బురేటర్ బండి. ఆర్‌సీ 2027 దాకా ఉంది.

14 మే, మంగళవారం

పొద్దున ఇంటి దగ్గర తిప్పగానే స్టార్టయింది. అమ్మ డయాలసిస్‌కి గుంటూరు వెళ్లి, సాయంత్రం తెనాలి వచ్చాక బండిని మెకానిక్‌కి చూపించాను. అక్కడ పదిసార్లు సెల్ఫ్ కొట్టినా పదిసార్లూ తిరిగింది. బ్యాటరీ బాగానే ఉందన్నాడు, సెల్ఫ్ మోటారు దించి కార్బన్ బ్రష్‌లు మార్చాడు. 1,800 రూపాయలు.

17 మే, శుక్రవారం

మళ్లీ అదే. డయాలసిస్ అయ్యాక అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరాను. దారిలో మందుల షాపు దగ్గర పది నిమిషాలు ఆగాను. మందులు పట్టుకుని వచ్చి తాళం తిప్పితే, టిక్. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి వచ్చిన మనిషి, లేచి కూర్చునే ఓపిక లేదు. చీర కొంగు ముఖం మీద కప్పుకుని "తొందరేం లేదులే" అంటోంది. ఆ మాటకి నా చేతులు వణికాయి. షాపతను, ఆటో డ్రైవరు కలిసి తోశారు.

రాత్రంతా అదే ఆలోచన. ఈ బండిని నమ్మి అమ్మను ఎక్కించుకోవచ్చా? అమ్మేయమని తమ్ముడు ఫోన్‌లో అంటున్నాడు. జబ్బేదో తెలియకుండా అమ్మితే, కొనుక్కున్నవాడు ఇంకెవర్ని ఎక్కించుకుని ఎక్కడ ఆగిపోతాడో. తెలుసుకోకుండా వదలను.

19 మే, ఆదివారం

ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మా వీధి బాబాయిగారి దగ్గర కూర్చున్నాను. ఆయన బండి వైపు చూడలేదు, ముందు నన్నే అడిగారు. ఎప్పుడు ఆగింది? ఎంతసేపు నడిపాక? ఎంతసేపు నిలిపాక? లైట్లు తగ్గాయా? ఆఖరిదానికి నా దగ్గర జవాబు లేదు.

"ఏరా అబ్బాయ్, అది బాగున్నప్పుడు విప్పి చూస్తే ఏం దొరుకుతుంది? మొరాయించినప్పుడే మీటరు పెట్టాలి" అన్నారు.

ఇద్దరం కలిసి తేల్చినవి ఇవి. తోస్తే వెంటనే అందుకుంటోంది కాబట్టి పెట్రోలు, కార్బురేటరు, కాయిలు, ప్లగ్గుల జోలికి పోనక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ ఆగలేదు. ఇంజను బాగా వేడెక్కి, పది పదిహేను నిమిషాలు నిలిపాకే ఆగుతోంది. అలా నిలిపినప్పుడు రేడియేటర్‌లో నీళ్లు తిరగవు, గాలి తగలదు. ఇంజను వేడంతా పక్కనున్న సెల్ఫ్ మోటారుకు, దాని మీదుండే విద్యుదయస్కాంత స్విచ్ సోలెనాయిడ్‌కు ఎక్కుతుంది. రాగి తీగ వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. అరవై డిగ్రీలు పెరిగితే దాదాపు నాలుగో వంతు. దాంతో సోలెనాయిడ్ లాగే బలం తగ్గినా, వైరింగ్ బాగున్న బండిలో పని జరిగిపోతుంది. కీ నుంచి వచ్చే వోల్టేజీ కూడా ముందే పడిపోయి ఉంటే?

నేను పదో తరగతికి ఏటా చెప్పే ఓమ్ నియమమే ఇది.

21 మే, మంగళవారం

డయాలసిస్‌కి టాక్సీలో తీసుకెళ్లాను. రానూపోనూ 1,400. తేలేదాకా కారులో అమ్మను ఎక్కించను.

22 మే, బుధవారం

దొరికింది!

సోలెనాయిడ్ మీది చిన్న టెర్మినల్ నుంచి ఒక పొడుగు వైరు బోనెట్ అంచులోంచి లోపలికి లాగి మీటరుకు కలిపాను. పొద్దున చల్లగా ఉండగా, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 10.9, చిన్న టెర్మినల్ దగ్గర 9.4. మోటారు తిరిగింది కానీ వోల్టున్నర మధ్యలో ఎక్కడో పోతోంది. బాబాయిగారు పెదవి విరిచారు.

మధ్యాహ్నం గుంటూరు రోడ్డు మీద గంటసేపు నడిపి, ఓ చెట్టు కింద ఆపి, పదిహేను నిమిషాలు వాచీ చూస్తూ కూర్చున్నాం. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాను. టిక్. లైట్లు తగ్గలేదు. బ్యాటరీ 12.3. చిన్న టెర్మినల్ దగ్గర 7.6.

గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బాబాయిగారు బ్యాటరీ ప్లస్ నుంచి ఆ చిన్న టెర్మినల్‌కు ఒక వైరు తాకించారు. సెల్ఫ్ గిర్రున తిరిగింది. బ్యాటరీదీ, మోటారుదీ, కొత్త బ్రష్‌లదీ ఏ తప్పూ లేదు. ఇక మిగిలింది కీ నుంచి ఆ టెర్మినల్‌కు వచ్చే వైరు దారే.

23 మే, గురువారం

స్టీరింగ్ కింద కవరు విప్పి, కీ స్విచ్ వైర్ల కనెక్టరు ఊడదీశాం. తెల్ల ప్లాస్టిక్, ఒక గడి చుట్టూ మాత్రం కాలిన రొట్టె అంచులా గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. లోపలి ఇత్తడి రేకు మీద పచ్చటి చిలుము, పట్టుకోవాల్సిన ఆడ టెర్మినల్ నోరు తెరుచుకుని వదులుగా ఉంది. ఓమ్స్‌లో పెట్టి చూస్తే మీటరు ఆ జాయింటు బాగున్నట్టే చూపించింది. మీటరు పంపే చిన్న కరెంటుకు అది చాలు. సోలెనాయిడ్ ఒక్కసారిగా పది ఆంపియర్ల పైన లాగినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

ఆ టెర్మినల్ కత్తిరించి కొత్తది వేశాం. బ్యాటరీ నుంచి సోలెనాయిడ్‌కు ఫ్యూజు, రిలే పెట్టి కొత్త వైరు లాగాం. ఇక కీ స్విచ్ మోయాల్సింది రిలే కాయిల్ తీసుకునే కాస్త కరెంటే. రిలే, వైరు, ఫ్యూజు, టెర్మినళ్లు అన్నీ కలిపి 410 రూపాయలు. బాబాయిగారు డబ్బు తీసుకోలేదు. అమ్మ గారెలు చేయించి పంపింది.

31 మే, శుక్రవారం

రోహిణి కార్తె ఎండ. ఈ వారమంతా ఒక్కణ్ణే నడిపి వేడి మీద ఆపి చూశాను, పద్నాలుగుసార్లు. పద్నాలుగుసార్లూ తిరిగింది. మీటరులో బ్యాటరీకి, చిన్న టెర్మినల్‌కు తేడా ఇప్పుడు 0.3 వోల్టులు.

ఇవాళ అమ్మను కారులోనే తీసుకెళ్లాను. వచ్చేటప్పుడు అదే మందుల షాపు దగ్గర ఆగి, పావుగంట తర్వాత తాళం తిప్పాను. స్టార్టయింది. అమ్మ నిద్రలో ఉంది, లేవలేదు.